స్మార్ట్ సిటీల్లో సర్క్యులర్ ఎకానమీకి డిజిటల్ టెక్నాలజీ నిజంగా పనికొస్తదా?

పనికొస్తదండీ, మా దగ్గర చూశా కాబట్టి చెప్తున్నా. సర్క్యులర్ ఎకానమీ అంటే పారేసే సరుకుని మళ్లీ వాడకంలోకి తేవడమే. చీమకుర్తిలో గ్రానైట్ పాలిషింగ్ యూనిట్లో లెక్కలు చూస్తా నేను. మా బ్లాక్ గెలాక్సీ రాయి ఎక్కడెక్కడి దేశాలకో పోద్ది, సైజుకి కోసాక మిగిలిన ముక్కలు మాత్రం యార్డులో గుట్టలుగా పడుండేయి, జాగా చాలక ట్రాక్టర్‌కెత్తి పారబోయించేవాళ్లు. అదే టైంలో ఇక్కడికి దగ్గర్లోనే ఒంగోల్లో ఇల్లు కట్టుకునేవాళ్లు మెట్లకీ వంటగట్టుకీ రాయి కొనాలంటే రేటు చూసి వెనక్కి పోతుంటారు. ఇద్దరికీ మధ్య కబురు లేదు, అంతే.

ఇప్పుడు కొన్ని యూనిట్లోళ్లం, మేస్త్రీలం కలిసి వాట్సాప్ గ్రూప్ నడుపుతున్నాం. ముక్క మీద టేపు పెట్టి తీసిన ఫొటో, పొడవు వెడల్పు, మందం, ఎన్ని ఉన్నాయి, రేటెంత, ఇవన్నీ ఉంటేనే పోస్టు, లేకపోతే అడ్మిన్ తీసేస్తాడు. మందం రాయకపోతే 18 ఎంఎం కావాల్సిన మేస్త్రీ ఆటో మాట్లాడుకుని వచ్చి ఖాళీగా పోవాల్సొస్తది, ఇంకోసారి రాడు. నన్నడిగితే సర్క్యులర్ ఎకానమీలో టెక్నాలజీ పనంతా ఈ కొలతల్లోనే ఉంది, నిండితే కబురు పంపే సెన్సార్ల చెత్తడబ్బాలు తర్వాత సంగతి.

పెద్ద ఎత్తున చూడాలంటే పక్కన తమిళనాడులో నీలగిరి జిల్లా చూడండి, 2022 నుంచి మద్యం సీసా మీద 10 రూపాయలు ఎక్కువ తీసుకుని, ఖాళీ సీసా తిరిగిస్తే ఆ డబ్బులిచ్చేస్తున్నారు, సీసా మీద అతికించిన స్టిక్కర్‌తో అది అక్కడ అమ్మిందేనని తెలిసిపోద్ది, అందుకే అడవుల్లో పగలగొట్టడం తగ్గింది. ఈ-వేస్ట్‌కి, అంటే పాడైన ఎలక్ట్రానిక్ సామాన్లకి కూడా 2023 ఏప్రిల్ నుంచి కొత్త రూల్స్ ఉన్నాయి, రీసైక్లర్ చేసిన పనికి కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి పోర్టల్లో సర్టిఫికెట్ పుడుతుంది, ఫోన్లూ టీవీలూ తయారుచేసే కంపెనీలు తమకి పెట్టిన రీసైక్లింగ్ టార్గెట్ కోసం అది కొనుక్కోవాలి. పాత సామాన్లకి డబ్బు ఇట్లా కూడా వస్తది.

ఒంగోలు కేంద్రం ఎంచుకున్న 100 స్మార్ట్ సిటీల లిస్టులో లేకపోయినా ఇదంతా ఇక్కడా చెయ్యొచ్చు. మాకింకా తేలనిది స్లరీ, అంటే రాయి కోసి పాలిష్ చేసేటప్పుడు నీళ్లతో కలిసి వచ్చే బురద. అది ఆరాక వచ్చే పొడిని కొంత ఇసుకకి బదులుగా సిమెంట్ ఇటుకల్లో కలపొచ్చు, కానీ ఏ యూనిట్లో ఎంత ఉంది, ట్యాంకర్ ఎక్కడ పోసింది ఎవరూ రాసిపెట్టరు. ప్రతి ట్యాంకర్‌కీ జీపీఎస్, యూనిట్ పేరుతో ఎంట్రీ పెడితే ఆ ఇటుకలు చేసేవాళ్లకి యూనిట్‌కి నేరుగా ఫోన్ చేసుకునే దారి దొరుకుద్ది. మీరు యాప్ చేసే ఆలోచనలో ఉంటే దీంతో మొదలెట్టండి, మా యూనిట్ల లెక్కలు నేనిప్పిస్తా.