కూన ఇంటికొచ్చే వారం గురించి చిట్టికి

పర్లాకిమిడి,
ఆదివారం సాయంత్రం

చిట్టీ,

పొద్దున్నే మీ అమ్మ ఫోను చేసింది. "నీ ముద్దుల కూతురు వీధికుక్క కూనని ఇంట్లోకి తెస్తోందట. నా మాట వినదు, నువ్వయినా చెప్పు" అని ఒకటే కంగారు. తల్లికుక్క లారీ కింద పడి పోయిందనీ, ఆ కూనకి మెట్ల కింద గోనెసంచి పరిచి పిల్లలిద్దరూ అన్నం పెడుతున్నారనీ కూడా చెప్పింది. అది విన్నాక కాసేపు మీ అమ్మ కంగారు నా చెవికెక్కలేదు. చిన్నప్పుడు వీధిలో కుక్క అరిస్తే నా కుచ్చిళ్లలో దూరిపోయేదానివి నువ్వు. నీ పిల్లలు ఇవాళ ఒక నోరులేని జీవానికి తమ కంచంలోది తీసి పెడుతున్నారంటే, అది నువ్వు పెంచిన పద్ధతి. మా తల్లే అనుకున్నాను.

తరవాత నువ్వు పంపిన ఫొటో చూశాను, ఫ్రిజ్ మీద అంటించిన ఆ వారం కాయితం. అప్పటి నుంచి మనసు మనసులో లేదు. ఫోన్లో చెబితే "సరే పెద్దమ్మా, సరే పెద్దమ్మా" అంటూ ఇంకో పని చేసుకుంటావు. అందుకని రాస్తున్నాను. కూర్చుని చదువు.

సోమవారం నుంచి అల్లుడు ఆఫీసు పని మీద రాయగడలో. మంగళవారం మీ అత్తగారు గుణుపురం నుంచి దిగుతారు. బుధవారం ఆవిడ కంటికి శుక్లం ఆపరేషను, గురువారం పట్టీ విప్పించాలి. పెద్దదానికి పరీక్షలు. నీకు బ్యాంకులో నెలాఖరు. శనివారం నుంచి ఠకురాణి యాత్రకి చుట్టాలు. రెండేళ్లకోసారి అమ్మవారు పుట్టింటికొచ్చే పండగ, బరంపురంలో ఇల్లున్నవాళ్లు రావద్దని ఎవరితోనూ అనలేరు, నాకు తెలుసు. ఇన్ని పనులకీ గళ్లు గీసి ఎవరి పేరు వాళ్లకి రాశావు. గ్యాసు బండకీ గడి ఉంది, ఇస్త్రీ బట్టలకీ ఉంది. చక్కగా ఉంది. కూన మాత్రం శుక్రవారం గడిలో ఒక మూల, "కుక్కపిల్ల తేవాలి" అని. అంతే. తెచ్చాక దాన్ని ఎవరు చూస్తారు? పొద్దున్న పదింటికి నువ్వు బ్యాంకుకి వెళ్లిపోతే సాయంత్రం దాకా అది ఎవరి కాళ్ల కింద తిరుగుతుంది? ఒక కంటికి మందు వేసుకుని తడుముకుంటూ నడిచే ముసలావిడ కాళ్ల కిందా?

ఒక్క వారం ఆగు చిట్టీ. కూన మెట్ల కిందే ఉండనీ, అన్నం పెట్టండి, నీళ్లు పెట్టండి. పశువుల ఆసుపత్రికి మాత్రం అంతదాకా ఆగొద్దు, వీలైతే రేపే తీసుకెళ్లు. ఇల్లు ఖాళీ అయ్యాక, అల్లుడు తిరిగొచ్చాక లోపలికి తెచ్చుకో. నేను ఇంతగా ఎందుకు అడుగుతున్నానో నీకు తెలియదు. మీ అమ్మక్కూడా సరిగ్గా తెలియదు. ఇప్పుడు చెబుతాను.

మన పాత ఇంటి హాల్లో తాతగారి ఫొటో పక్కన నిక్కరు వేసుకుని నించున్న గుంటడి ఫొటో ఉండేది కదా. "మీ మామయ్యే, చిన్నప్పుడు జ్వరమొచ్చి పోయాడు" అని మీ అందరికీ చెప్పాం. జ్వరం కాదు తల్లీ.

అప్పుడు వాడికి తొమ్మిదేళ్లు, మీ అమ్మకి నాలుగు. మా మేనత్త పెళ్లి. పెళ్లివారు నౌపడా నుంచి చిన్న రైలుబండిలో దిగారు. ఆ వారం పనులన్నీ మీ తాతగారు ఒక కాయితం మీద రాసి లాల్చీ జేబులో పెట్టుకు తిరిగారు. పందిరి రాటలు, అరిటాకులు, బాజాలవాళ్లకి బయానా, స్టేషనుకి బళ్లు. అందులో ఒక్కటీ తప్పిపోలేదు. పెళ్లి బ్రహ్మాండంగా చేశారని ఊరంతా అన్నారు.

ఎంగిలాకుల దగ్గర చేరిన కుక్కల్లో ఒక కూన ఉండేది. మావాడు దాన్ని గడ్డివాము వెనకాల దాచి బూందీ పెట్టేవాడు. ఒకరోజు అది మణికట్టు దగ్గర కొరికింది. ఏడ్చుకుంటూ మా నాయనమ్మ దగ్గరికెళ్లాడు. ఆవిడ కారం, సున్నం అద్ది గుడ్డ కట్టింది. "నాన్నకి చెప్పకు, పెళ్లిపనుల్లో ఉన్నాడు, కుక్కతో ఆడావని తెలిస్తే తంతాడు" అంది. వాడు దెబ్బలు తినకూడదని అంది పాపం. పైగా ఆ రోజుల్లో కుక్క కరిస్తే బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులు. ఆ సూదుల పేరు చెబితేనే పిల్లలు నోరు విప్పేవారు కాదు. వాడూ విప్పలేదు. చేతికి గుడ్డెందుకురా అని ఒకరిద్దరు అడిగితే పందిరి మేకు గీరుకుందన్నాడట. రెండు మూడు రోజుల్లో ఆ కూన చచ్చి పడుంటే పాలేరు తీసుకెళ్లి మహేంద్రతనయ ఏటి ఒడ్డున పాతేసి వచ్చాడు. అదెందుకు చచ్చిందని ఎవరూ అడగలేదు. ఇంట్లో అప్పగింతలు జరుగుతున్నాయి.

గాయం మానిపోయింది. నెలన్నర గడిచాక ఆ చెయ్యి తిమ్మిరెక్కుతోందని, దురదగా ఉందని అన్నాడు. ఆ వెనకే జ్వరం. దాహం దాహమన్నాడని గ్లాసు నోటి దగ్గర పెడితే గొంతు బిగుసుకుపోయి, కళ్లు పెద్దవి చేసి విదిలించుకున్నాడు. విసనకర్ర గాలి తగిలినా అంతే. డాక్టరు వచ్చి చూసి తాతగారిని వీధరుగు మీదకి పిలిచి, ఈ పిల్లాణ్ణి కుక్క ఎప్పుడు కరిచిందని అడిగాడు. ఆయన కరవలేదండీ అన్నారు. గుమ్మంలో నించున్న నాయనమ్మ అక్కడే కూలబడిపోయింది.

ఆ తరవాత తాతగారు ఆవిడని పల్లెత్తు మాట అనలేదు. ఆవిడ బతికున్నన్నాళ్లూ మళ్లీ గడ్డివాము వైపు వెళ్లలేదు. మీ అమ్మకి ఇవేవీ గుర్తు లేవు. కుక్కంటే భయం మాత్రం మిగిలింది. అందుకే నీమీద అరుస్తోంది. దానిమీద కోపం తెచ్చుకోకు.

కారం, సున్నం పెట్టడం తప్పే. అంతకన్నా పెద్ద తప్పు ఇంకొకటి జరిగింది. పిల్లాడు చెప్పుకోవడానికి ఆ వారం మా ఇంట్లో ఎవరికీ తీరిక లేదు, చెబితే తంతారన్న భయం ఒకటి. నువ్వు చెడ్డ తల్లివని కాదమ్మా. కానీ పనిలో ఉన్నప్పుడు పిల్లలు పిలిస్తే నువ్వు "తరవాత, తరవాత" అంటావు, ఇక్కడికొచ్చినప్పుడు చూశాను. ఈ వారం ఆ మాట అనకు. ఇద్దరినీ కూర్చోబెట్టి ఇవాళే చెప్పు: కూన పన్ను తగిలినా, గోరు గీరినా, పుండు మీద నాకినా వెంటనే చెప్పాలి, ఎవరూ తిట్టరు, అది మీ తప్పు కాదు అని. చిన్నాడికి రెండుసార్లు చెప్పు. వాడు మీ మామయ్య పోలికే, దెబ్బ తగిలితే దాచుకుంటాడు.

కూన పాలపళ్లు సూదుల్లా ఉంటాయి. నాలుగో నెల దాటి అవి ఊడే దాకా కనబడినదల్లా కొరుకుతుంది, ఆటకే కొరుకుతుంది. చర్మం తెగిందా, మొదటి పని కుళాయి విప్పి సబ్బుతో పదిహేను నిమిషాలు కడగడం. గడియారం చూసి కడుగు, పదిహేను నిమిషాలంటే చాలా సేపు, మనం రెండు నిమిషాలకే చాలనుకుంటాం. పసుపు, కాఫీపొడి, సున్నం ఏమీ పెట్టొద్దు, కట్టు బిగించొద్దు. కడిగి నేరుగా ఆసుపత్రికి. ఆ విషం, అదే రేబిస్ అనే పిచ్చికుక్క జబ్బు, నరాల వెంట మెల్లగా మెదడుకి పాకుతుంది. అది అక్కడికి చేరేలోపు టీకా పని చెయ్యాలి. జబ్బు బయటపడ్డాక బతికించే మందు ఇప్పటికీ లేదు. రక్తం వచ్చిన గాయమైతే టీకాతో పాటు గాయం చుట్టూ వేసే ఇంకో మందు ఉంటుంది, ఇమ్యునోగ్లోబులిన్ అంటారు, నోరు విడిచి అడుగు. కూనని పది రోజులు గమనించమని చెబుతారు. సరే, గమనించు. అంతేగాని ఆ పది రోజులు చూశాకే టీకా వేయించుకుందామని మాత్రం ఆగకు.

బొడ్డు చుట్టూ సూదులు మన దేశంలో 2004 చివరికే ఆగిపోయాయి. ఇప్పుడు భుజానికే. సర్కారు ఆసుపత్రుల్లో చర్మం పైపొరలో కొంచెం కొంచెంగా వేస్తారు, మొదటి రోజు, తరవాత 3, 7, 28 రోజులకి. మధ్యలో ఒక్కటి కూడా మానకూడదు. ఆ తేదీలు నీ కాయితం మీద ఎర్ర సిరాతో ఉండాలి. కుక్క ఉన్న ఇంట్లో పిల్లలకి కాటు పడకముందే వేయించుకునే టీకాలు కూడా ఉన్నాయి. మీ పిల్లల డాక్టరుని ఈ వారమే అడుగు. ఇంకేది మరిచిపోయినా ఇది మరిచిపోకు.

ఇక కూన సంగతి. రెండు నెలలుంటాయంటున్నావు కాబట్టి పశువుల డాక్టరు ముందు నులిపురుగుల మందు వేస్తాడు. పార్వో, డిస్టెంపర్‌ అనే కూనల్ని చంపే జబ్బులకి టీకా ఆరు నుంచి ఎనిమిది వారాల వయసులో మొదలుపెట్టి మూడు నాలుగు వారాలకోసారి మళ్లీ వేస్తారు. రేబిస్ టీకా మూడో నెల నిండాక. అంటే ఇంకో నెల దాకా దానికి ఆ రక్ష లేదు, నా భయమంతా ఆ నెల గురించే. వాంతులై, రక్తంతో విరేచనాలైతే పార్వో అయి ఉండొచ్చు, రేపు చూద్దామనుకోకు. కార్డు రాయించి జాగ్రత్త చెయ్యి. ఆరు నెలలు దాటాక పిల్లలు పుట్టకుండా ఆపరేషను గురించి కూడా డాక్టరునే అడుగు.

తిండి రోజుకి నాలుగుసార్లు, కొంచెం కొంచెం. మెత్తటి అన్నంలో ఉడికించిన గుడ్డో, ఎముక తీసిన కోడిమాంసమో, ఉప్పూ కారం లేకుండా. ఆవుపాలు చాలా కూనలకి పడవు, విరేచనాలు పట్టుకుంటాయి. ఉడికిన కోడి ఎముకలు వద్దు, చీలికలై పేగుల్లో గుచ్చుకుంటాయి. ఉల్లిపాయ, వెల్లుల్లి వాటి రక్తాన్ని పాడుచేస్తాయి. చాక్లెట్, ద్రాక్ష, కిస్మిస్ విషమే. శనివారం చుట్టాలు తెచ్చే ఛెనాపోడ మిఠాయిలో కిస్మిస్ ఉంటుంది, పిల్లలు ముద్దుకొద్దీ ముక్క తుంచి పెడతారు. వచ్చిన ప్రతివాళ్లకీ గుమ్మంలోనే చెప్పు, మొహమాటపడకు. దానికి ఒళ్లు వేడిగా ఉందని మనం వేసుకునే జ్వరం మాత్ర వెయ్యకు. ఫినాయిల్ పెట్టి తుడిచిన నేల పూర్తిగా ఆరేదాకా దాన్ని దింపకు. ఎండలు ముదురుతున్నాయి, నీళ్ల గిన్నె నీడలో పెట్టు, ఎప్పుడూ నిండుగా ఉండాలి. చెవుల వెనకా, వేళ్ల మధ్యా పిడుదులు పడతాయి, రోజూ వెతకాలి.

ఈ పనులన్నిటికీ ఒకే మనిషి పేరు రాయి. "అందరం చూసుకుంటాం" అని రాయకు. అల్లుడు వచ్చేదాకా పెద్దది చూస్తుందంటావేమో, దానికి పరీక్షలు. దాన్ని వదిలెయ్యి.

మీ అత్తగారి గదిలోకి మాత్రం కొన్నాళ్లు కూనని రానివ్వకు. ఆపరేషనైన కంట్లో దుమ్ము, వెంట్రుక పడకూడదు. మంచం మీదకి ఎగిరి మొహం నాకిందంటే కష్టం. కంట్లో చుక్కలు వేసేముందు చేతులు సబ్బుతో కడుక్కో, ముఖ్యంగా కూనని ముట్టుకుని ఉంటే. తెచ్చేముందు ఆవిడకి ఒక మాట చెప్పు. ఆవిడ మడీ ఆచారం మనిషి. నీ ఇల్లే అయినా, చెప్పి చేస్తే ఆవిడే నీ పక్షం మాట్లాడుతుంది.

రాత్రుళ్లు ఏడుస్తుంది, తల్లి లేదు కదా. మొదటి నాలుగు రోజులు నీ మంచం పక్కన అట్టపెట్టెలో పాత చీర వేసి పడుకోబెట్టుకో. చెయ్యి కిందకి వేలాడేసి దాని వీపు మీద పెట్టు, ఊరుకుంటుంది. మీ మామయ్య ఆ గడ్డివాము వెనకాల అలాగే కూర్చునేవాడు, దాని వీపు మీద చెయ్యి వేసి.

నువ్వు ఒక వారం ఆగనంటే, ఆగలేనంటే, ఆ సంగతి రేపు రాత్రికల్లా ఫోను చేసి చెప్పు. మంగళవారం పొద్దున్న బస్సుకి నేను వచ్చేస్తాను. చుట్టాలు వెళ్లేదాకా ఉంటాను. నాకు మోకాళ్లు నొప్పే గాని, కుర్చీలో కూర్చుని ఒక కూననీ ఇద్దరు పిల్లల్నీ చూసుకోలేనంత కాదు. మీ అమ్మతో నేను మాట్లాడతాను. పశువుల ఆసుపత్రి ఎన్నింటికి తెరుస్తారో, ఏ రోజు మూస్తారో ఈలోగా కనుక్కో.

ఆశీస్సులతో,
పెద్దమ్మ