కుక్క ఆపరేషన్‌కు లోన్ యాప్ ఎందుకండీ?

గుంటూరు నుంచి ఒక పాఠకుడు అడిగారు: "నా జీతం 38,000. ఖర్చులు 31,000 పోను 7,000 మిగులుతుంది. బ్యాంకులో ఉన్నది 9,000. మా రెండేళ్ల ఆడ లాబ్రడార్ మొన్ననే ఎదకొచ్చి తగ్గింది. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్‌కు రక్త పరీక్షలతో కలిపి 12,000 అవుతుందని, రెండు నెలలు ఆగి రమ్మని డాక్టరు చెప్పారు. లోన్ యాప్‌లో తీసుకోనా? లేక ఒకసారి ఈనాక పిల్లల్ని అమ్మి ఆ డబ్బుతో చేయించనా?"

రెండూ వద్దు. ఆపరేషన్ మాత్రం తప్పక చేయించండి.

డాక్టరే రెండు నెలలు ఆగమంటే ఈ రోజు అప్పు దేనికి? అప్పటికి మీ నెలనెలా మిగులే 14,000 అవుతుంది కదా! ఎప్పుడొస్తుందో ముందే తెలిసిన ఖర్చుకు అప్పు చేసేవాళ్లను రోజూ చూస్తున్నాను. బడి ఫీజుకు అప్పే, బండి ఇన్సూరెన్స్‌కు అప్పే. ఫీజు ముందే కోసుకుని, చేతికి రాని డబ్బుకు కూడా వడ్డీ లాగే ఆ యాప్‌ను ఫోన్లోంచి తీసేయండి. క్రెడిట్ కార్డు మీద నగదు తీసినా తీసిన రోజు నుంచే వడ్డీ మొదలవుతుంది.

ఆ 9,000 మాత్రం ముట్టుకోకండి. ఆపరేషన్ కాని ఆడకుక్కలకు ఎద అయిన కొన్ని వారాలకు గర్భసంచిలో చీము పట్టే ప్రమాదం ఉంది. పయోమెట్రా అంటారు. అంటే మీరు ఆగబోయే ఈ రెండు నెలలే జాగ్రత్తగా చూసుకోవాల్సినవి. నీళ్లు అదేపనిగా తాగుతున్నా, తిండి మానేసి నీరసంగా పడుకున్నా, చీము కారుతున్నా అదే రోజు తీసుకెళ్లండి. ఒక్కోసారి చీము బయటికి కనిపించదు కూడా. నోరులేని జీవం, మనమే గమనించాలి. అప్పుడూ చేసేది గర్భసంచి తీసే ఆపరేషనే, కానీ జబ్బుపడ్డ ఒంటికి, సెలైన్లు పెట్టి, ఆస్పత్రిలో ఉంచి చేయాలి. బిల్లు 12,000 దగ్గర ఆగదు. అర్ధరాత్రి ఆ టెన్షన్‌లో చేతిలో డబ్బు లేనివాళ్లే ఎంత వడ్డీకైనా ఒప్పుకుంటారు. ఎమర్జెన్సీ ఫండ్ అని నేను ప్రతిసారీ పోరేది ఇందుకే. మీ ఇంట్లో దాని లోటు కుక్క వల్ల బయటపడింది. రేపు మీకే ఒక నెల జీతం ఆగితే 9,000తో ఎన్ని రోజులు గడుస్తాయి?

పిల్లల్ని అమ్మే ఆలోచన వదిలేయండి. చూలు సుమారు 63 రోజులు. ఎనిమిది వారాలు నిండని పిల్లల్ని అమ్మకూడదు, అమ్మకానికి కుక్కల్ని ఈనించేవాళ్లు రాష్ట్ర జంతు సంక్షేమ బోర్డులో నమోదు కావాలి అని కుక్కల పెంపకం, అమ్మకాలపై 2017లో వచ్చిన కేంద్ర నిబంధనలు చెబుతున్నాయి. అన్నాళ్ల తిండి, టీకాలు మీవే. కాన్పు కష్టమై సిజేరియన్ పడితే మళ్లీ అప్పే.

పెట్ ఇన్సూరెన్స్ సాధారణంగా ఈ ఆపరేషన్‌కు డబ్బివ్వదు. గన్నవరం వెటర్నరీ కాలేజీ ఆస్పత్రిలో ఎంతవుతుందో ఒకసారి అడగండి.

ఆపరేషన్ అయ్యాక 14,000లో మిగిలిన 2,000ను ఆ 9,000కు కలపండి. తర్వాత మూడు నెలల మిగులు కూడా అందులోనే వేస్తే 32,000 అవుతుంది, ఒక నెల ఇంటి ఖర్చు చేతిలో ఉన్నట్టే. ఆరు నెలల ఖర్చు, 1,86,000 చేరేదాకా ఆపకండి. నెలనెలా మ్యూచువల్ ఫండ్లలో వేసే సిప్‌ల సంగతి అప్పుడు అడగండి, చెబుతాను.