ఆల్బమ్‌లో విడివిడిగా వినపడే రిఫ్ లైవ్‌లో ముద్దైపోతోందా? మెటల్ షోకి వెళ్లే ముందు ఇవి చూసుకోండి

మీరు అడిగింది ఇది: కొత్త ఆల్బమ్ నెల రోజులు విని, హైదరాబాద్ నుంచి బెంగళూరు వెళ్లి మరీ షో చూస్తే సగం పాటలు పోల్చుకోలేకపోయారు. డ్రమ్స్ దడదడ తప్ప గిటార్ రిఫ్‌లు, అంటే మళ్లీ మళ్లీ వచ్చే గిటార్ వరసలు, వినపడలేదు. రెండు రోజులు చెవుల్లో గుయ్‌మంటూనే ఉంది. తప్పు బ్యాండ్‌దా, సౌండ్ వాళ్లదా, నాదా అని.

చాలాసార్లు తప్పు నిలబడ్డ చోటుది. దాని తర్వాత చెవుల్లో ఏమీ పెట్టుకోకపోవడం. ఆ తర్వాత ఆల్బమ్‌ను విన్న తీరు. బ్యాండ్‌ను ఆఖర్న అనుమానించండి.

ముందు ముద్ద ఎలా అవుతుందో చూద్దాం. 200 బీపీఎంలో (నిమిషానికి 200 బీట్ల వేగం) డబుల్ బేస్, అంటే రెండు కాళ్లతో వాయించే పెద్ద డ్రమ్ (కిక్), నడుస్తోందనుకోండి. బీట్‌కి నాలుగు దెబ్బల చొప్పున సెకనుకు 13 దెబ్బలు. అంటే దెబ్బకీ దెబ్బకీ మధ్య 75 మిల్లీసెకన్లు. మూసి ఉన్న హాల్లో, గట్టి గోడల మధ్య ప్రతిధ్వని సెకనున్నర పాటు నిలిచిందంటే, ఒక దెబ్బ పూర్తిగా చల్లారేలోపు ఇంకో ఇరవై దెబ్బలు వచ్చి మీద పడతాయి. స్టూడియోలో ఆ ప్రతిధ్వని ఉండదు కాబట్టి ఆల్బమ్‌లో ప్రతి దెబ్బా విడిగా వినిపిస్తుంది. అందుకే హైదరాబాద్ బ్యాండ్ గాడ్‌లెస్ 2021లో తెచ్చిన ‘స్టేట్స్ ఆఫ్ కేయాస్’ లాంటి డెత్ మెటల్‌కి హాల్ పెద్ద పరీక్ష. అదే బెంగళూరు బ్యాండ్ క్రిప్టోస్ 2024లో తెచ్చిన ‘డెసిమేటర్’ లాంటి పాతకాలపు హెవీ మెటల్ అయితే రిఫ్‌ల మధ్య ఊపిరి తీసుకునే చోటు ఉంటుంది, ఎంత చెడ్డ హాల్లోనైనా చాలావరకు నిలబడుతుంది. ఇది బ్యాండ్ గొప్పతనానికి సంబంధించిన విషయం కాదు, వేగానికి సంబంధించినది.

రెండోది ట్యూనింగ్. గిటార్ మామూలు ట్యూనింగ్‌లో, అంటే ‘ఈ’ (E) స్టాండర్డ్‌లో ఉంటే లావు తీగ 82 హెర్ట్జ్. దాన్ని ‘బి’ (B) స్వరం దాకా దించితే 62. కిక్ డ్రమ్ బలమంతా ఇంచుమించు 50 నుంచి 80 మధ్యనే ఉంటుంది. బేస్ గిటార్ వీటికి ఒక స్థాయి కింద. మూడూ ఒకే ఇరుకు సందులో తోసుకుంటాయి. పామ్ మ్యూట్‌ని (అరచేతితో తీగల్ని కాస్త అణచి వాయించడం) మనం గుర్తుపట్టేది ఆ కింది బరువుతో కాదు, పిక్ (తీగ మీటే చిన్న బిళ్ల) తీగకు తగిలినప్పుడు వచ్చే ఆ ‘టిక్’తో. అది 2,000 నుంచి 4,000 హెర్ట్జ్ దగ్గర ఉంటుంది. మీ ముందు ఆరడుగుల మనిషి నిలబడితే ముందు పోయేది అదే. కింది శబ్దాలు మనిషిని చుట్టుకుని వచ్చేస్తాయి, పై శబ్దాలకు అది చేతకాదు. డ్రమ్స్ వినపడి గిటార్ వినపడకపోవడానికి అసలు కారణం ఇదే.

ఇక ఎక్కడ నిలబడాలి? సౌండ్ ఇంజినీర్ కూర్చునే డెస్క్ చూసుకోండి. ఆయన మిక్స్ చేసేది తన చెవికి వినపడేదాన్ని బట్టే. ఆ డెస్క్‌కి నాలుగైదు మీటర్ల ముందు ఉంటే ఆ షోలో దొరికే మంచి సౌండ్ దాదాపు దొరికినట్టే. బారికేడ్ పట్టుకుని నిలబడటంలో ఆనందం వేరు, దాన్ని కాదనను. కానీ అక్కడ సౌండ్ బాగుంటుందని మాత్రం ఆశించవద్దు. పైన వేలాడదీసిన స్పీకర్ల శబ్దం మీ తల మీదుగా వెనక్కి వెళ్లిపోతుంది. మీకు వినపడేది డ్రమ్ కిట్ నేరుగా, ఎదురుగా ఉన్న గిటారిస్ట్ క్యాబినెట్ (స్పీకర్ పెట్టె), స్టేజీ అంచున పెట్టిన చిన్న స్పీకర్లలోంచి పల్చగా గొంతు. ఇప్పుడు చాలా బ్యాండ్లు క్యాబినెట్లు మానేసి, గిటార్ శబ్దాన్ని నేరుగా సౌండ్ సిస్టమ్‌కి పంపే డిజిటల్ మోడలర్లు వాడుతున్నాయి, అంటే ముందు వరసలో ఆ కాస్త గిటార్ కూడా ఉండదు.

మైదానంలో షో అయితే బేస్‌తో ఇంకో తంటా. స్టేజీకి రెండు పక్కలా సబ్‌వూఫర్లు (కింది శబ్దాలకు వేరే స్పీకర్లు) పెడతారు. సరిగ్గా నడిమధ్యలో నిలబడితే రెండింటి నుంచీ శబ్దం ఒకేసారి చేరి కిక్ గుండెల్లో గుద్దుతుంది. సబ్‌లు 14 మీటర్ల ఎడంలో ఉండి, మీరు 20 మీటర్ల వెనక ఉన్నారనుకోండి. మధ్య నుంచి నాలుగున్నర మీటర్లు పక్కకు జరిగితే ఒక పక్క శబ్దం ఇంకో పక్కదాని కంటే దాదాపు 2.9 మీటర్లు ఎక్కువ దూరం రావాలి. 60 హెర్ట్జ్ అలలో అది దాదాపు సగం. రెండూ ఒకదాన్నొకటి చంపుకుంటాయి. కాబట్టి కిక్ రొద మరీ ఎక్కువై గిటార్‌ని మింగేస్తుంటే వెనక్కి పోకండి, పక్కకు జరగండి. నాలుగైదు అంగలు వేసి ఆగి వినండి, బాగోకపోతే ఇంకో రెండు అంగలు. పాట మధ్యలోనే తేడా తెలిసిపోతుంది.

ఇప్పుడు ఆల్బమ్ వినడం. నెల రోజులు విన్నారు సరే, ఎలా విన్నారన్నది ముఖ్యం. మెటల్ ఆల్బమ్‌లలో రిథమ్ గిటార్‌ని మామూలుగా రెండుసార్లు వాయించి, ఒకటి పూర్తిగా ఎడమకు, ఒకటి పూర్తిగా కుడికి పెడతారు. హెడ్‌ఫోన్స్‌లో ఆ వెడల్పుకు అలవాటు పడతాం. పెద్ద షోలో పీఏ (షోలోని పెద్ద స్పీకర్ల) మిక్స్ చాలావరకు మోనోకు, అంటే రెండు పక్కలా ఒకే శబ్దానికి, దగ్గరగా ఉంటుంది, ఎందుకంటే ఎడమ పక్కన నిలబడ్డవాళ్లకు కుడి గిటార్ పోకూడదు కదా. ఆ వెడల్పు పోయేసరికి తెలిసిన పాటే కొత్తగా తోస్తుంది. అందుకని షోకి వారం ముందు ఫోన్‌లో మోనో ఆడియో సెట్టింగ్ ఆన్ చేసి ఆల్బమ్ మొత్తం ఒకసారి వినండి. తర్వాత దాన్ని ఆపేసి, ఎడమ ఇయర్‌బడ్ ఒక్కటే పెట్టుకుని ఒకసారి, కుడిది ఒక్కటే పెట్టుకుని ఇంకోసారి. ఐరన్ మెయిడెన్‌లా ముగ్గురు గిటారిస్టులున్న బ్యాండ్‌కి ఇది తప్పనిసరి అంటాను. ఎవరు ఎక్కడ విడిపోతున్నారో అప్పుడే తెలుస్తుంది.

తర్వాత బల్ల పరీక్ష. పాట ఆపేసి, మెయిన్ రిఫ్‌ని బల్ల మీద వేళ్లతో వాయించండి. రాగం లేకుండా వట్టి దరువుగా. అది విని మీకే పాట గుర్తు రావాలి. రాకపోతే లైవ్‌లోనూ రాదు. ఎందుకంటే ముద్దలో స్వరం ముందు పోతుంది, దరువు ఆఖరిదాకా మిగులుతుంది. ప్రతి పాటకీ రెండు గుర్తులు పెట్టుకోండి: డ్రమ్మర్ హైహ్యాట్ (కాలితో మూసి తెరిచే జంట తాళాలు) నుంచి రైడ్‌కి (పెద్ద ఒంటి తాళం) మారే చోటు ఒకటి, వేగం సగానికి పడిపోయే చోటు ఒకటి. మధ్యలో తప్పిపోయినా ఆ గుర్తు దగ్గర మళ్లీ పాట దొరుకుతుంది.

గిటార్ పట్టుకుని ఆల్బమ్‌తో పాటు సాధన చేసేవాళ్లకు ఒక మాట. ఆల్బమ్ ట్యూనింగే లైవ్‌లో ఉంటుందని లేదు. మెటాలికా ‘ఈ’ స్టాండర్డ్‌లో రికార్డ్ చేసిన చాలా పాటల్ని ఏళ్లుగా స్టేజీ మీద అర స్వరం దించి వాయిస్తోంది, గొంతుకు సులువని. చెవి స్వరాన్ని పట్టుకుని కూర్చుంటే అక్కడా పప్పులో కాలేస్తాం. మళ్లీ దరువే దిక్కు.

కొత్త ఆల్బమ్ అంతా వాయిస్తారన్న నమ్మకం కూడా పెట్టుకోవద్దు. 2006 టూర్‌లో ఐరన్ మెయిడెన్ అప్పటి కొత్త ఆల్బమ్‌ని మొదటి పాట నుంచి చివరి పాట దాకా వాయించింది, కానీ అది అరుదు. అదే బ్యాండ్ 2021లో 82 నిమిషాల ‘సెంజుట్సు’ తెచ్చి, 2023లో మొదలైన టూర్‌లో 15 పాటల సెట్‌లో దాని నుంచి ఐదే వాయించింది. ఏ షోలో ఏ పాటలు వాయించారో చూపే సెట్‌లిస్ట్.ఎఫ్ఎమ్ సైట్‌లో అదే టూర్‌లో జరిగిన చివరి మూడు నాలుగు షోలు చూస్తే ఏవి ఖాయమో, ఏవి మారుతున్నాయో తెలిసిపోతుంది. ఖాయమైనవాటి మీద సమయం పెట్టండి. ముందే తెలిస్తే థ్రిల్ పోతుందనేవాళ్లకు నా దగ్గర మందు లేదు.

ఇంకొకటి. కొన్ని ఆల్బమ్‌లు ఇంట్లోనే అలసట తెప్పిస్తాయి. 2008లో మెటాలికా ‘డెత్ మాగ్నెటిక్’ వచ్చినప్పుడు ఇదే గొడవ. మాస్టరింగ్‌లో (రికార్డింగ్‌కి ఇచ్చే చివరి మెరుగు) శబ్దాన్ని పైకి తోసి తోసి డ్రమ్స్ తలలు నరికేశారు. గిటార్ హీరో గేమ్‌లో వచ్చిన వెర్షన్‌లో అంత నొక్కుడు లేదని అభిమానులు పోల్చి పట్టుకున్నారు. అలాంటి రికార్డింగ్ వింటున్నప్పుడు వాల్యూమ్ తగ్గించి వినండి, పెంచితే దొరికేదేమీ లేదు. ఆ పాటల డ్రమ్స్ లైవ్‌లోనే బతుకుతాయి.

ఇక చెవులు. దీని మీద బేరాల్లేవు. అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ నయాష్ లెక్క ప్రకారం 85 డెసిబెల్స్ శబ్దాన్ని రోజుకు 8 గంటలు తట్టుకోవచ్చు. ప్రతి 3 డెసిబెల్స్‌కీ ఆ సమయం సగమవుతుంది. 94 దగ్గర గంట, 100 దగ్గర 15 నిమిషాలు, 103 దగ్గర ఏడున్నర నిమిషాలు. మెటల్ షోలో 103 పెద్ద విశేషం కాదు. అంటే రెండో పాట మధ్యలోనే ఆ రోజు కోటా అయిపోయింది. తర్వాత చెవి తనంతట తానే మొద్దుబారుతుంది, ముందుగా మొద్దుబారేది ఇందాక చెప్పిన పిక్ ‘టిక్’ ఉండే పై భాగమే. సగం షో తర్వాత సౌండ్ చెడిపోయిందనుకుంటాం, చెడింది మన చెవి.

మెడికల్ షాపులో దొరికే ఫోమ్ ఇయర్‌ప్లగ్స్ చాలు. ప్యాకెట్ మీద ఎన్ఆర్ఆర్ (శబ్దం ఎంత తగ్గుతుందో చెప్పే రేటింగ్) 33 అని ఉంటే 33 తగ్గుతుందని కాదు. అందులోంచి 7 తీసేసి సగం చేయాలి, అంటే 13. 103లోంచి 13 పోతే 90, దానికి రెండున్నర గంటలు సరిపోతుంది. ఒక షో గట్టెక్కుతుంది. అయితే ఆ 13 సరిగ్గా పెట్టుకుంటేనే. చేతులు శుభ్రంగా ఉన్నప్పుడే ప్లగ్‌ని రెండు వేళ్ల మధ్య ముడత పడకుండా అగరొత్తి పుల్లకంటే కాస్త లావుగా వచ్చేదాకా నలపండి. కుడి చెవికైతే ఎడమ చేతిని తల వెనక నుంచి తెచ్చి చెవి పైభాగాన్ని పైకి, వెనక్కి లాగండి. లోపలి దారి తిన్నగా అవుతుంది. అప్పుడు దూర్చి, వేలితో 30 సెకన్లు నొక్కి పట్టుకోండి, ఉబ్బేదాకా. అద్దంలో ఎదురుగా చూస్తే ప్లగ్ బయటికి పొడుచుకుని కనపడితే సరిగా దిగలేదు. మాట్లాడితే మీ గొంతు మీకే కుండలోంచి వచ్చినట్టుండాలి. షో మొదలయ్యాక అరచేతులతో చెవులు మూసి చూడండి, శబ్దం బాగా తగ్గిందంటే ప్లగ్ లీకవుతోందన్నమాట. తీసేటప్పుడు మెల్లగా తిప్పుతూ తీయండి. ఫోమ్‌తో ఉన్న లోపం ఒకటే, పై శబ్దాలను ఎక్కువ కోస్తుంది, కాస్త దుప్పటి కప్పినట్టుంటుంది. ఏడాదికి మూడు నాలుగు షోలు చూసేవాళ్లు సంగీతకారుల కోసం చేసే ఫిల్టర్ ప్లగ్స్ కొనుక్కోవడం మేలు. అన్నిటినీ దాదాపు సమానంగా తగ్గిస్తాయి కాబట్టి రిఫ్ ఇంకా విడిగా తెలుస్తుంది. ప్లగ్స్ పెట్టుకుంటే మజా పోతుందనేవాళ్లు ఒక్క పాటకి పెట్టి చూడాలి.

పిట్‌లోకి (స్టేజీ ముందు జనం ఒకర్నొకరు తోసుకుంటూ ఆడే చోటు) వెళ్లేవాళ్లకు: షూ లేసులు రెండు ముడులు, ఫోన్ జిప్ జేబులో, కళ్లజోడుకు తాడు. మేకుల బెల్టులు, గొలుసులు గేటు దగ్గరే తీసేయమంటారు, ఇంట్లో వదిలి రండి. ఎవరైనా పడితే ముందు లేపాలి, తర్వాతే మిగతాదంతా. నలుగురు చుట్టూ చేయి అడ్డం పెట్టి, ఇద్దరు చంకల్లో చేతులు వేసి లేపుతారు. బారికేడ్ దగ్గర తోపులాట పెరిగి చేతులు కదపలేని స్థితి వస్తోందంటే మోచేతులు రొమ్ముకు ఎదురుగా, బాక్సర్‌లా పెట్టుకోండి, ఊపిరికి చోటుంటుంది. నేరుగా వెనక్కి తోసుకోవద్దు. తోపు ఒక అలలా వచ్చి వెనక్కి తగ్గుతుంది, తగ్గిన ప్రతిసారీ ఐమూలగా పక్కకు జరగండి. 2000లో డెన్మార్క్‌లోని రోస్కిల్డె ఫెస్టివల్‌లో 9 మంది చనిపోయింది ఇలాంటి తొక్కిడిలోనే. కింద పడ్డ ఫోన్ కోసం మాత్రం వంగకండి.

బెంగళూరు ప్రయాణం గురించి. మన దేశంలో బహిరంగ ప్రదేశాల్లో రాత్రి 10 తర్వాత లౌడ్‌స్పీకర్లు మామూలుగా కుదరవు, కాబట్టి మైదానం షో 10లోపు ముగుస్తుంది, హెడ్‌లైనర్ (ప్రధాన బ్యాండ్) అంతకు గంటన్నర, రెండు గంటల ముందే ఎక్కేస్తారు. ఫెస్టివల్ అయితే చిన్న బ్యాండ్లు మధ్యాహ్నం ఎండలోనే మొదలుపెడతాయి, వాళ్లకోసం కూడా వెళ్లండి. ఆ వేళ మైదానం ఖాళీగా ఉంటుంది కాబట్టి ఎక్కడ సౌండ్ బాగుందో నాలుగు మూలలా తిరిగి చూసుకోవడానికి అదే అదను. బయటికెళ్తే మళ్లీ లోపలికి రానిస్తారో లేదో టికెట్ మీద చూసుకోండి. తిరుగు బస్సు 11కి పెట్టుకోకండి, వేలమంది ఒకేసారి ఆటోల కోసం రోడ్డు మీదికొస్తారు. మర్నాడు ఉదయం బయల్దేరితే హాయి.

తిరుగు ప్రయాణంలో బస్సులో, రైల్లో మళ్లీ ఇయర్‌ఫోన్స్ పెట్టకండి. చెవులకు కనీసం ఒక రోజు విశ్రాంతి ఇవ్వండి. గుయ్‌మనే శబ్దం మామూలుగా ఒకటి రెండు రోజుల్లో తగ్గాలి. మీకు రెండు రోజులు పట్టిందంటే ఈసారి ప్లగ్స్ లేకుండా గేటు దాటొద్దు. రెండు రోజులు దాటినా తగ్గకపోతే ఈఎన్‌టీ డాక్టర్‌కి చూపించండి. ఒక చెవి ఉన్నట్టుండి మూసుకుపోయినట్టైతే రెండు రోజులు కూడా ఆగొద్దు, ఆ రోజే వెళ్లండి. దానికి మందు ఎంత తొందరగా మొదలుపెడితే వినికిడి తిరిగొచ్చే అవకాశం అంత ఎక్కువ.