ప్రకటనలో ఉన్న ట్రక్కు డీలరు దగ్గర ఎందుకు లేదు?

ప్రశ్న: మేము టెక్సస్‌లోని ఫ్రిస్కోకు వచ్చి రెండేళ్ళయింది. ఎలక్ట్రిక్ పికప్ ట్రక్కు కొందామని ముగ్గురు డీలర్ల దగ్గరకు వెళ్ళాం. ప్రకటనలో చూసిన ధరకు ఎక్కడా దొరకలేదు. ఉన్నవన్నీ ఖరీదైన మోడళ్ళే. త్వరలో ముప్పై వేల డాలర్ల ట్రక్కులు వస్తాయంటున్నారు. ఆగమంటారా, ఉన్నదాన్నే తీసుకోమంటారా?

జవాబు: తమ్ముడూ, నాలుగో డీలరు దగ్గరకు వెళ్ళినా మీకు ఇదే మాట వినిపిస్తుంది. ఎలక్ట్రిక్ పికప్‌ల విషయంలో మొదటి నుంచీ ఇలాగే జరుగుతోంది. ఆ చరిత్ర కొంచెం తెలుసుకుంటే మీ నిర్ణయం సులువవుతుంది.

2019 నవంబరులో టెస్లా తన సైబర్‌ట్రక్కు 39,900 డాలర్ల నుంచి మొదలవుతుందని చెప్పింది. 2021 మేలో ఫోర్డ్ ఎఫ్‌-150 లైట్నింగ్‌కు 39,974 అంది. 2022 జనవరిలో షెవర్లే సిల్వరాడో ఈవీకి మళ్ళీ అదే 39,900. మూడు కంపెనీలూ నలభై వేల లోపే చెప్పాయి. తరువాత ఏమైందో చూడండి. సిల్వరాడో ఆ ధరకు అమ్మకానికి రానే లేదు. సైబర్‌ట్రక్కు 2023 చివర్లో వచ్చినప్పుడు ముందుగా చేతికందినవి లక్ష డాలర్ల వెర్షన్లు. చవక వెర్షను 2025 ఏప్రిల్‌లో 69,990 డాలర్లకు వచ్చి, ఆ సెప్టెంబరుకల్లా జాబితాలోంచి మాయమైంది. లైట్నింగ్ ఒక్కటే మాట ప్రకారం బేస్ మోడల్‌తో, అంటే అన్నిటికన్నా చవకైన మోడల్‌తో వచ్చింది. దాని పేరు ప్రో. కానీ దాన్ని ముఖ్యంగా వ్యాపార సంస్థల కోసం ఉద్దేశించారు. ధర కూడా నిలకడగా లేదు: 2022 ఆగస్టులో 46,974, అక్టోబరులో 51,974, 2023 మార్చిలో 59,974. ఆ జూలైలో 49,995కు దిగింది. దాదాపు అదే ట్రక్కుకు రెండేళ్ళలో ఇన్ని ధరలు.

దీనికి మూలం బ్యాటరీ. పికప్ బరువైన బండి కాబట్టి పెద్ద బ్యాటరీ కావాలి. లైట్నింగ్‌లో చిన్న బ్యాటరీయే 98 కిలోవాట్ అవర్లు (బ్యాటరీలో పట్టే కరెంటుకు కొలత ఇది). మామూలు ఎలక్ట్రిక్ కార్లు చాలావాటికి అరవై, డెబ్బై సరిపోతాయి. బండిలో అన్నిటికన్నా ఖరీదైన భాగం ఇదే కాబట్టి బేస్ మోడల్ మీద కంపెనీకి మిగిలేది చాలా తక్కువ. ఫ్యాక్టరీ మొదటి ఏడాది కొన్ని బండ్లే తయారు చేయగలిగినప్పుడు, లాభం ఎక్కువున్న మోడల్‌నే ముందు చేస్తుంది. డీలరు కూడా స్టాకును అప్పు మీద తెచ్చుకుంటాడు కనుక, తనకు ఎక్కువ మిగిలే బండ్లనే ఆర్డరు పెడతాడు. మన ఊళ్ళలోనూ బేస్ వేరియంటుకు నెలల వెయిటింగు చెప్పి, టాప్ మోడల్ మాత్రం వెంటనే ఇస్తామనడం మీరు చూసే ఉంటారు.

నా అనుభవం చెప్పాలి. 2022లో మేము ఒక బేస్ మోడల్ కోసం అడ్వాన్సు కట్టాం. పదకొండు నెలలు ఎదురుచూశాం. ఒక శనివారం ఫోను వచ్చింది: మీ మోడల్ కేటాయింపు రాలేదు, పై మోడల్ ఈ రోజే ఇవ్వగలం, పాతిక వేలు ఎక్కువవుతుంది అని. మా వారు సంతకం పెట్టడానికి సిద్ధమయ్యారు. అంతకాలం ఎదురుచూశాక ఎవరికైనా అలాగే అనిపిస్తుంది. ఆ రాత్రి కాగితం మీద లెక్క వేశాం. పాతిక వేల మీద ఏడు శాతం వడ్డీతో ఆరేళ్ళ లోను అంటే నెలకు 426 డాలర్లు, వడ్డీయే 5,600 దాటుతుంది. ఇది అదనపు భాగానికి మాత్రమే. క్రెడిట్ చరిత్ర ఇంకా పూర్తిగా ఏర్పడని మీలాంటి వారికి వడ్డీ ఇంతకన్నా ఎక్కువే వేస్తారు. మేము వద్దనుకున్నాం. అడ్వాన్సు వెనక్కి రావడానికి ఆరు వారాలు పట్టింది, ఎందుకంటే అది తిరిగి ఇస్తామన్న మాట ఏ కాగితం మీదా లేదు. మీరు ఎక్కడ ఎంత కట్టినా ఆ ఒక్క వాక్యం రాయించుకోండి.

ఇక ఏం చేయాలి? ముందు ప్రకటన ధరను మరిచిపోండి. కొత్త బండి కిటికీకి అతికించిన స్టిక్కరు చదవండి. కంపెనీ ధర, అదనపు సామగ్రి, రవాణా ఖర్చు విడివిడిగా ఉంటాయి. ప్రకటనలో సాధారణంగా కలపని ఆ రవాణా ఖర్చే దాదాపు రెండు వేలో, అంతకన్నా ఎక్కువో ఉంటుంది. టెక్సస్‌లో అమ్మకపు పన్ను 6.25 శాతం. కొత్త ఎలక్ట్రిక్ బండి మొదటి రిజిస్ట్రేషనుకు 400 డాలర్ల ప్రత్యేక రుసుము, తరువాత ఏటా 200. ఇవన్నీ కలిపితే వచ్చేదే మీ అసలు ధర. 7,500 డాలర్ల ఫెడరల్ పన్ను రాయితీ 2025 సెప్టెంబరు 30తో ముగిసిపోయింది. ఎవరైనా దాన్ని తీసివేసిన ధర చూపిస్తే ఆ కాగితం పాతదని గుర్తించండి.

ముప్పై వేల ట్రక్కు సంగతి. కెంటకీలోని లూయీవిల్‌లో తయారుచేసి 2027లో సుమారు ఆ ధరకు ఒక మధ్యతరహా పికప్ తెస్తామని ఫోర్డ్ 2025 ఆగస్టులో ప్రకటించింది. స్లేట్ అనే కొత్త కంపెనీ అంతకన్నా చిన్న ట్రక్కు ఒకటి చూపించింది. రాయితీ పోగా ఇరవై వేల లోపని ముందు అన్నారు, రాయితీ రద్దు కాగానే ఆ మాట తీసేశారు. ఇవి రావాలని నేనూ మనసారా కోరుకుంటున్నాను. ట్రక్కు చిన్నదైతే బ్యాటరీ చిన్నదవుతుంది, అందుకే ఈసారి ఆ ధరకు కొంత ఆధారముంది. స్లేట్‌కు యాభై డాలర్లు కట్టి పేరు నమోదు చేసుకోవచ్చు, అడిగితే తిరిగి ఇస్తారు. అంతవరకు సరే. ఆ రెండిటి మీద ఆశతో ఇప్పుడున్న కారు మాత్రం అమ్మవద్దు. మొదటి ఏడాది బేస్ మోడల్ మీ వంతుకు వస్తుందని లెక్క పెట్టుకోవద్దు.

ఇప్పుడే ట్రక్కు తప్పనిసరైతే, రెండు మూడేళ్ళు వాడిన లైట్నింగ్ చూడండి. 2025 డిసెంబరులో ఫోర్డ్ దాని తయారీ ఆపేస్తున్నట్టు ప్రకటించింది. కాబట్టి సర్వీసు, బ్యాటరీ వారంటీ ఇంకా ఎంతకాలం ఉందో రాతపూర్వకంగా అడగండి. బరువైన ట్రైలరు లాగితే రేంజి, అంటే ఒక్క చార్జింగుతో వెళ్ళే దూరం, దాదాపు సగమవుతుందని కూడా గుర్తుంచుకోండి. మీరుండేది అపార్టుమెంటయితే, రాత్రి చార్జింగుకు చోటుందో లేదో ఆ అపార్టుమెంటు ఆఫీసులో ముందే కనుక్కోండి. సొంత ఇల్లయితే గ్యారేజీని టేపుతో కొలవండి. లైట్నింగ్ పొడవు దాదాపు పంతొమ్మిదిన్నర అడుగులు, ఇక్కడి గ్యారేజీలు చాలావరకు ఇరవై అడుగులే.