లీ-ఎన్‌ఫీల్డ్ స్నైపర్ రైఫిల్‌కి ఏ నంబర్ 32 స్కోప్ (గురి చూసే దుర్భిణి) అయినా సరిపోతుందా?

బిగుస్తుంది గానీ గురి కుదరదు. రెండో ప్రపంచ యుద్ధం నాటి బ్రిటిష్ లీ-ఎన్‌ఫీల్డ్ స్నైపర్ రైఫిల్ అయిన నంబర్ 4 (టి)కి దాని జత స్కోపే కావాలి. ఎందుకంటే వీటిలో ఎక్కువ భాగాన్ని స్నైపర్ రైఫిళ్లుగా మార్చిన హాలండ్ అండ్ హాలండ్ సంస్థ, స్కోప్‌ను రైఫిల్‌కి పట్టి ఉంచే ఒక్కో బ్రాకెట్‌ను ఒక్కో రైఫిల్‌కి విడిగా సర్ది ఇచ్చింది. వేరే రైఫిల్ బ్రాకెట్‌ను చేత్తో తిప్పే ఆ రెండు పెద్ద స్క్రూలు గట్టిగానే పట్టుకుంటాయి, కానీ స్కోప్ ఒకవైపు, గొట్టం ఇంకోవైపు చూస్తాయి.

జత కుదిరిందో లేదో వాటి మీది నంబర్లు చెబుతాయి. ఉదాహరణకు, చేతి పట్టు దగ్గర చెక్క మీద 12345 అని ఉంటే స్కోప్ మీదా 12345 ఉండాలి. బ్రాకెట్ మీద ఉండేది మాత్రం రైఫిల్ నంబర్.

చాలామంది చెక్క మీది అంకెను రైఫిల్ నంబర్ అనుకుని, జత కుదరలేదని పొరబడతారు. అది స్కోప్ నంబర్. స్కోప్ మార్చినప్పుడు సైన్యంలో పాత అంకెను కొట్టేసి కొత్తది వేసేవారు కాబట్టి, కొట్టివేత కనిపించినంత మాత్రాన నకిలీ అనకండి.