కంటికి పడే తెర కోసం

కంప్యూటర్ తెరలు, ఫోన్లు, కళ్ల బడలిక గురించి వచ్చిన ఉత్తరాల్లో నాలుగింటికి ఈసారి జవాబులు ఇస్తున్నాము. మొదటి ఉత్తరంలోని బాధను ఇంటాబయటా ఎవరూ నమ్మని పరిస్థితి చాలామందికి ఉంది కాబట్టి దానికి ఎక్కువ చోటు కేటాయించాము.

ప్రశ్న: నేను పదకొండేళ్లుగా డీటీపీ పని చేస్తున్నాను. రోజుకు ఎనిమిది గంటలు తెలుగు పుస్తకాల కంపోజింగ్, ప్రూఫులు దిద్దడమే నా పని. ఆరేళ్లు వాడిన పాత ల్యాప్‌టాప్ మీద ఏనాడూ ఇబ్బంది పడలేదు. అది పాడైపోవడంతో ఓలెడ్ తెర ఉన్న ఖరీదైన కొత్త ల్యాప్‌టాప్ కొన్నాను. దాని ముందు అరగంట కూర్చునేసరికి కనుగుడ్ల వెనుక నొప్పి, కణతలు లాగడం, ఒక్కోసారి వికారం. కళ్ల డాక్టరు గారు పరీక్షించి, పవర్ మారలేదు, కళ్లు బాగానే ఉన్నాయి అన్నారు. హాయిగా ఉంటుందని వెలుగు బాగా తగ్గించి చూస్తే నొప్పి ఇంకా పెరిగింది. ఇదంతా నా భ్రమ అంటున్నారు ఇంట్లోవాళ్లు. నా కళ్లకు పడే తెరను ఎలా వెతుక్కోవాలి?
— ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: మీది భ్రమ కాదు. అందుకు ఆధారం మీ ఉత్తరంలోనే ఉంది. వెలుగు తగ్గిస్తే కళ్లకు ఉపశమనం కలగాలి. మీకు నొప్పి పెరిగింది. మామూలు అలసటను, తెర మినుకు వల్ల కలిగే బాధను వేరు చేసి చూపే గుర్తుల్లో ఇది ముఖ్యమైనది.

ఎల్‌ఈడీ వెలుగును తగ్గించడానికి రెండు దారులున్నాయి. ఒకటి, దానికి అందే కరెంటునే తగ్గించడం. రెండోది, కరెంటును అలాగే ఉంచి, కంటికి తెలియనంత వేగంగా దాన్ని ఆర్పుతూ వెలిగిస్తూ ఉండటం. ఈ రెండో పద్ధతినే పల్స్ విడ్త్ మాడ్యులేషన్, క్లుప్తంగా పీడబ్ల్యూఎం అంటారు. ఈ పద్ధతిలో వెలుగును సగానికి తగ్గించారంటే దీపం సగం కాలం ఆరిపోయి ఉందని అర్థం. పావుకు తగ్గిస్తే ముప్పావు కాలం చీకటే. మీరు వెలుగు తగ్గించిన కొద్దీ ఆ చీకటి భాగం పెరిగి, మినుకు మరింత తీవ్రమైందన్న మాట. ప్రతి చుక్కా తనంతట తానే వెలిగే ఓలెడ్ తెరల్లో చాలావాటికి ఈ పద్ధతే వాడతారు. సెకనుకు 240 సార్లు, 480 సార్లు మినుకుమనే తెరలు ఈనాటికీ మామూలే.

అంత వేగాన్ని కన్ను గుర్తుపట్టలేనప్పుడు బాధ ఎందుకు కలుగుతుందన్న సందేహం సహజం. చదివేటప్పుడు మన చూపు వాక్యం వెంట నీళ్లలా సాఫీగా జారదు. పిచ్చుక గెంతినట్టు ఒక మాట మీది నుంచి మరో మాట మీదికి గెంతుతుంది. వెలుగు నిలకడగా ఉంటే ఆ గెంతులో అక్షరాలు లీలగా అలికినట్టయి పోతాయి. వెలుగు ఆరుతూ వెలుగుతూ ఉంటే ప్రతి గెంతులోనూ అక్షరపు నీడలు వరుసగా, విడివిడిగా కంటిలో పడతాయి. ఈ నీడలను 1,000 హెర్ట్జ్, అంటే సెకనుకు 1,000 సార్లు, దాటిన మినుకులో కూడా పట్టగలిగినవారు ఉన్నారు. అందరికీ ఇది బాధ కలిగించదు. కొందరికి వంకాయ పడనట్టే కొందరికి ఈ వెలుగు పడదు; పడేవారికి పడనివారి బాధ అర్థం కాదు.

పాతకాలపు చోక్, స్టార్టర్ ఉన్న ట్యూబ్‌లైటు మీకు గుర్తుండే ఉంటుంది. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి దాని వెలుగు సెకనుకు 100 సార్లు హెచ్చుతగ్గులకు లోనయ్యేది. బ్రిటన్‌లోనూ కరెంటు 50 హెర్ట్జే. అక్కడ ఒక కార్యాలయంలో అలాంటి దీపాలకు బదులు అతివేగంగా పనిచేసే ఎలక్ట్రానిక్ చోక్‌లు అమర్చి చూసినప్పుడు, ఉద్యోగుల తలనొప్పులు, కళ్ల బడలిక సగానికి పైగా తగ్గినట్టు 1989లో ప్రచురితమైన పరిశోధన తేల్చింది. కంటికి కనబడని మినుకు కూడా మనిషిని బాధించగలదని మీ ఇంట్లోవాళ్లకు చెప్పడానికి ఇది చాలు. ఎల్‌ఈడీ దీపాల విషయంలో ఐఈఈఈ అనే ఇంజనీర్ల సంస్థ 2015లో ఇచ్చిన 1789 నంబరు సిఫారసు ప్రకారం, మినుకు 1,250 హెర్ట్జ్ దాటితే ముప్పు తక్కువ, 3,000 దాటితే ప్రభావం గమనింపుకు రాదు. తెరల గురించి ఆలోచించేటప్పుడు కూడా ఈ అంకెలు పనికొస్తాయి.

ముందుగా మీ ల్యాప్‌టాప్‌నే పరీక్షించండి. రాత్రి గదిలో దీపాలన్నీ ఆర్పి, తెర మీద ఖాళీ తెల్ల పేజీ ఒకటి తెరిచి, వెలుగును పావుకు తగ్గించండి. ఒక పెన్సిల్‌ను తెరకు ముందు అడ్డంగా, వేగంగా ఊపండి. నిలకడైన వెలుగులో అది పల్చటి పొగలా, ఒకే మసకగా కనిపిస్తుంది. మినుకు ఉంటే విసనకర్ర పుల్లల్లా విడివిడి పెన్సిళ్లు కనిపిస్తాయి. ఫోన్ కెమెరాలో ప్రో మోడ్ ఉంటే షట్టర్ వేగాన్ని సెకనులో వెయ్యో వంతుకో ఇంకా తక్కువకో మార్చి తెరను చూడండి. నల్లని పట్టీలు దట్టంగా కదిలితే అనుమానం బలపడుతుంది. మినుకు మరీ వేగంగా ఉంటే పెన్సిల్ పరీక్షకు దొరకకపోవచ్చు.

అనుమానం నిజమైతే, కొత్తది కొనేవరకు ఒక ఉపాయం ఉంది. తెర వెలుగును పూర్తిగా పెంచి, ఆ పైన సాఫ్ట్‌వేర్ ద్వారా బొమ్మను నలుపు చేసుకోండి. తెర మీద నల్లని పొరలా పరుచుకునే చిన్న ప్రోగ్రాములు ఉచితంగానే దొరుకుతాయి. పూర్తి వెలుగులో మినుకు లోతు బాగా తగ్గుతుంది, పొర వల్ల కంటికి వెలుగు తీవ్రత కూడా తగ్గుతుంది. చాలామందికి దీనితో గంటల తేడా కనిపిస్తుంది.

ఇక కొనబోయేదాని సంగతి. మీ పనికి కరెంటు తగ్గించే పద్ధతిలో వెలుగును మార్చే, అంటే డీసీ డిమ్మింగ్ ఉన్న, ఐపీఎస్ ఎల్‌సీడీ (వెనుక దీపంతో వెలిగే తెర) మానిటర్‌ను వెతకండి. పెట్టె మీద ‘ఫ్లికర్ ఫ్రీ’ అన్న ముద్ర, ముఖ్యంగా జర్మనీకి చెందిన ట్యూవ్ రైన్‌ల్యాండ్ వంటి పరీక్షా సంస్థలది, ఉండటం మంచిదే కానీ నేనైతే అక్కడితో ఆగను. నోట్‌బుక్‌చెక్, ఆర్టింగ్స్ అనే సమీక్షా సైట్లు పరికరాన్ని కొలిచి, ఏ వెలుగు దగ్గర ఎన్ని హెర్ట్జ్ మినుకు ఉందో అంకెలతో సహా ఇస్తాయి. కొనబోయే మోడల్ పేరు, నంబరు చివరి అక్షరం వరకు సరిచూసుకుని అక్కడ వెతకండి; ఒకే పేరుతో రెండు రకాల తెరలు అమ్మే కంపెనీలు ఉన్నాయి.

మినుకు లేకున్నా తెర పడని సందర్భాలు ఉంటాయి. చవక తెరలు కొన్ని తమకు చేతకాని రంగును చూపడానికి పక్కపక్క రంగులు రెండింటిని వెంటవెంటనే మారుస్తూ కంటిని మభ్యపెడతాయి. దీన్ని డిథరింగ్ అంటారు. కొందరి కళ్లకు ఇదీ పడదు, దీన్ని ఏ ముద్రా చెప్పదు. అందుకే దుకాణానికి మీరు దిద్దే ప్రూఫు ఒకటి పెన్‌డ్రైవ్‌లో తీసుకెళ్లి, మీరు ఇంట్లో ఉంచుకునే వెలుగు స్థాయిలోనే పెట్టించి, ఇరవై నిమిషాలు కదలకుండా చదవండి. కొట్టువాడు విసుక్కున్నా మొహమాటపడకండి. వాపసు తీసుకునే గడువు ఎన్ని రోజులో రసీదు మీద రాయించుకోండి.

తెలుగు అక్షరం గురించి ఒక మాట చెప్పకుండా ఈ జవాబు ముగించలేను. ద–ధ, డ–ఢ, ప–ఫ — ఈ జతల్లో తేడా అంతా అడుగున ఉండే ఒక చిన్న గీతే. దాని కింద ఒత్తు చేరితే ఇంకా ఇరుకు. 24 అంగుళాల మామూలు ఫుల్ హెచ్‌డీ మానిటర్‌లో అంగుళానికి సుమారు 92 చుక్కలే ఉంటాయి; ఆ గీత ఒకటి రెండు చుక్కల్లో ఇరుక్కుని మసకబారుతుంది. ప్రూఫు దిద్దేవారి కన్ను రోజంతా దాని కోసమే వెతుకుతుంది. 27 అంగుళాల ఫోర్‌కే మానిటర్‌లో ఆ చుక్కలు 163 వరకు ఉంటాయి. మీ వృత్తిలో ఉన్నవారు డబ్బు పెట్టాల్సింది రంగుల వైభవం మీద కాదు, ఈ స్పష్టత మీద. మెరిసే అద్దం కాకుండా మాట్ పూత ఉన్న తెర తీసుకోండి, వెనుక కిటికీ ప్రతిబింబం పడకుండా ఉంటుంది.

ప్రశ్న: పదవీ విరమణ చేసిన తెలుగు ఉపాధ్యాయుణ్ణి. పాత నవలలు స్కాన్ చేసిన పీడీఎఫ్‌ల రూపంలో ఫోన్‌లో చదువుతుంటాను. గంటకే కళ్లు మండుతున్నాయి. ఈ-ఇంక్ పరికరం కొనిపెడతానంటున్నాడు మా అబ్బాయి. ప్రయోజనం ఉంటుందా?
— ఒక పాఠకుడు, కరీంనగర్

జవాబు: ఉంటుంది మాస్టారూ, పరిమాణం సరిగ్గా ఎంచుకుంటే. ఈ-ఇంక్ తెర వెలగదు. దాని లోపల వెంట్రుక మందానికి మించని బుడగల్లో తెల్ల, నల్ల రేణువులు ఉంటాయి. విద్యుత్తు తగిలినప్పుడు కావలసినవి పైకి తేలి, పేజీ తిప్పేదాకా అక్కడే నిలిచి ఉంటాయి. కాగితంలాగే గదిలోని వెలుతురును తిప్పి పంపుతుంది కాబట్టి మినుకు ప్రశ్నే రాదు. తెర మీద వెలుగు పడేలా పరికరంలోనే అమర్చిన దీపం ఉంటే మాత్రం దాన్ని పగలు ఆర్పేయండి, కిటికీ పక్కన కూర్చుని చదవండి.

చిక్కు పీడీఎఫ్‌తో వస్తుంది. స్కాన్ చేసిన పేజీ ఒక ఫొటో కాబట్టి అక్షరాలను పెంచినా అవి కొత్త వరుసల్లో సర్దుకోవు. మన పుస్తకాల డెమ్మీ సైజు పేజీ సుమారు ఐదున్నర అంగుళాల వెడల్పు, ఎనిమిదిన్నర అంగుళాల పొడవు. ఆరంగుళాల పరికరంలో అది దాదాపు సగానికి కుంచించుకుపోయి, మీ కళ్లకు ఫోన్‌లో ఉన్న కష్టమే మళ్లీ ఎదురవుతుంది. 10.3 అంగుళాల తెరలో ఆ పేజీ ఇంచుమించు అచ్చు పుస్తకం సైజులోనే కనిపిస్తుంది. ఖరీదు ఎక్కువే, కానీ మీ చదువు అంతా స్కాన్ పుస్తకాలే అయితే చిన్నది కొని బాధపడటం కంటే అదే నయం. కంప్యూటర్‌కు తగిలించే ఈ-ఇంక్ మానిటర్లు కూడా ఉన్నాయి. అవి రాతపనికి బాగుంటాయి. మౌస్ కదలిక మాత్రం వెనకబడుతుంది, పాత పేజీ నీడ కొంచెంసేపు మిగులుతుంది.

ప్రశ్న: రాత్రి షిఫ్టులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. నీలి కాంతిని ఆపే కళ్లద్దాలు తీసుకోమని దుకాణంలో చెబుతున్నారు. డార్క్ మోడ్ కూడా కళ్లకు మంచిదంటున్నారు. నిజమేనా?
— ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: అద్దాల కోసం అదనపు డబ్బు పెట్టకండి. 17 ప్రయోగాలను కలిపి పరిశీలించిన 2023 నాటి కోక్రేన్ (వైద్య పరిశోధనలను బేరీజు వేసే సంస్థ) సమీక్షలో, ఈ అద్దాలు తెర ముందు కళ్ల బడలికను కనీసం కొద్దికాలంలోనైనా తగ్గించినట్టు తేలలేదు. డార్క్ మోడ్ మనిషిని బట్టి ఉంటుంది. నల్లని తెర ముందు కనుపాప పెద్దదవుతుంది. సిలిండర్ పవర్, అంటే ఆస్టిగ్మాటిజం, ఉన్నవారికి తెల్ల అక్షరాల అంచులు చెదిరినట్టు కనిపిస్తాయి. మీకు అది ఉంటే లేత రంగు పేజీ మీద ముదురు అక్షరాలే మేలు. చీకటి గదిలో ఒక్క తెర మాత్రమే వెలుగుతూ ఉండటం అన్నిటికంటే చెడ్డది. తెర వెనుక గోడ మీద పడేలా ఒక చిన్న దీపం పెట్టుకోండి.

ప్రశ్న: వయసు 48. బ్యాంకులో పని. ప్రోగ్రెసివ్ కళ్లద్దాలు వాడుతున్నాను. సాయంత్రానికి మెడ పట్టేస్తోంది, కళ్లలో ఇసుక పడినట్టు గరగర. మందుల షాపులో ఇచ్చిన చుక్కలు వేసుకుంటే ఎరుపు తగ్గుతోంది కానీ మళ్లీ మొదలవుతోంది. మానిటర్ మార్చమని ఆఫీసులో అడగాలా?
— ఒక పాఠకురాలు, అనంతపురం

జవాబు: మానిటర్ కంటే ముందు మార్చాల్సినవి ఇంకా ఉన్నాయండీ. దూరపు చూపుకూ దగ్గర చూపుకూ ఒకటిగా చేసిన ప్రోగ్రెసివ్ అద్దంలో తెర దూరానికి పనికొచ్చే భాగం మధ్యలో సన్నటి పట్టీలా, కాస్త కిందగా ఉంటుంది. తెర ఎత్తులో ఉంటే ఆ పట్టీ గుండా చూడటానికి మీరు తెలియకుండానే గడ్డం పైకెత్తుతారు. మెడనొప్పి అక్కడి నుంచే మొదలై ఉండవచ్చు. మీరు మామూలుగా కూర్చున్నప్పుడు కంటి నుంచి తెర వరకు ఎంత దూరమో సహోద్యోగి ఎవరితోనైనా టేపుతో కొలిపించి, ఆ అంకెను కాగితం మీద రాసుకుని కళ్ల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. ఆ దూరానికి విడిగా ఒక జత అద్దాలు రాసివ్వమని అడగండి. ఆలోగా తెర పై అంచు మీ కంటి మట్టానికి నాలుగు వేళ్లు దిగువన ఉండేలా దించుకోండి.

గరగరకు కారణం చాలా వరకు కన్ను ఆరిపోవడమే. తెర చూస్తున్నంతసేపు రెప్పలు కొట్టడం బాగా తగ్గుతుంది, కొట్టినా సగమే మూసుకుంటాయి. దాని మీద ఏసీ గాలో, నెత్తిన ఫ్యానో నేరుగా ముఖానికి తగిలితే కన్నీటి పొర త్వరగా ఆవిరైపోతుంది. కుర్చీని గాలి దారి నుంచి పక్కకు జరపండి. ఇరవై నిమిషాలకోసారి తల ఎత్తి, ఇరవై అడుగుల దూరంలోని వస్తువును ఇరవై సెకన్లు చూస్తూ రెప్పలు పూర్తిగా మూసి తెరవండి.

ఆ చుక్కల మందు పెట్టెను మాత్రం ఈ రోజే బయటికి తీసి చూడండి. ఎరుపును వెంటనే పోగొట్టే మందుల్లో కొన్నింట్లో స్టెరాయిడ్ ఉంటుంది. డాక్టరు పర్యవేక్షణ లేకుండా నెలల తరబడి వాడితే కంటిలో ఒత్తిడి పెరిగి గ్లకోమాకు (నీటికాసులకు), శుక్లాలకు దారితీయవచ్చు. గ్లకోమాలో పోయిన చూపు తిరిగి రాదు. పెట్టె మీద డెక్సామెథసోన్, ప్రెడ్నిసొలోన్, బీటామెథసోన్ వంటి పేరు ఏదైనా కనిపిస్తే ఇకపై సొంతంగా వాడకుండా, ఆ పెట్టెతో సహా కళ్ల డాక్టరును కలిసి కంటి ఒత్తిడి పరీక్ష చేయించుకోండి. ఎన్నాళ్లుగా వేసుకుంటున్నారో కూడా దాచకుండా చెప్పండి.