పానా పట్టుకునే ముందు: ఇన్‌టేక్ వాల్వుల మసి గురించి

చిరంజీవికి ఆశీస్సులు.

కారు పొద్దున్నే స్టార్ట్ చేయగానే వణుకుతోందనీ, వేడెక్కాక సర్దుకుంటోందనీ, పికప్ కూడా తగ్గిందనీ రాశావు. నీది డైరెక్ట్ ఇంజెక్షన్ పెట్రోల్ ఇంజన్ కాబట్టి ఇన్‌టేక్ వాల్వుల (సిలిండర్లోకి గాలిని వదిలే తలుపుల్లాంటివి) మీద మసి పేరుకుందేమోనని అనుమానం రావడం సబబే. అయినా ఆ ఒక్క అనుమానంతో మానిఫోల్డ్ (సిలిండర్లకు గాలి పంచే గొట్టాల అమరిక) విప్పేయకు. అరిగిన స్పార్క్ ప్లగ్గులు, ప్లగ్గుకు కరెంటిచ్చే కాయిల్ పాడవడం, ఎక్కడైనా గాలి లీకు ఉన్నా ఇలాగే ఉంటుంది. ముందు ఇంజన్ లోపాల కోడ్‌లు చదివే స్కానర్ పెట్టు. పీ0300 వస్తే ఫలానా సిలిండర్ అని తేలని మిస్‌ఫైర్, అంటే ఇంధనం సరిగ్గా మండకపోవడం. పీ0302 వస్తే రెండో సిలిండర్ది. అలా ఒకటే సిలిండర్ చూపిస్తే దాని కాయిల్ తీసి పక్కదానికి వేసి చూడు. కోడ్ కాయిల్ వెంటే పోతే దోషం కాయిల్‌దే. అప్పటికీ తేలకపోతే గాలి లోపలికి వెళ్లే ముఖద్వారమైన త్రాటిల్ బాడీ తీసి, సన్నటి గొట్టానికున్న బోర్‌స్కోప్ కెమెరా లోపలికి పంపి వాల్వుల వెనక భాగం కళ్లారా చూడు.

మామూలు ఇంజన్లలో పెట్రోలు వాల్వు వెనక పడి దాన్ని కడుగుతూ ఉంటుంది. నీ దాంట్లో నేరుగా సిలిండర్లోకే పడుతుంది. పీసీవీ (ఇంజన్ అడుగునున్న ఆవిరిని మళ్లీ గాలి దారిలోకి పంపే ఏర్పాటు) గొట్టంలోంచి వచ్చే ఆయిల్ ఆవిరి వేడి వాల్వు మీద మాడి, అడుగంటిన పాలలా గట్టిపడుతుంది. కాబట్టి ట్యాంకులో పోసే క్లీనర్లు ఈ మసిని అసలు తాకనే తాకవు. ఇంజన్ నడుస్తుండగా గాలి దారిలో కొట్టే స్ప్రేలు పలచటి పొరకు కొంత పనిచేస్తాయి. మందంగా పేరుకున్నాక వాటిని నమ్ముకోకు. పెచ్చు ఊడితే సిలిండర్లోకే పోతుంది, టర్బో ఉంటే దాని రెక్కలకూ ముప్పే.

ఇంజన్ పూర్తిగా చల్లారాక బ్యాటరీ నెగటివ్ తీసి మొదలుపెట్టు. ఫ్యూయల్ పైపు విప్పాల్సి వస్తే ముందు ప్రెషర్ దించాలి. అందులో ఒత్తిడి 100 బార్లు దాటొచ్చు, చర్మం చీల్చేస్తుంది. ఎలా దించాలో నీ ఇంజన్ సర్వీస్ మాన్యువల్ చెప్పినట్టే చెయ్యి. కొన్ని ఇంజన్లలో మానిఫోల్డ్‌తో పాటు ఇంజెక్టర్లూ ఊడి వస్తాయి. వస్తే వాటి సీళ్లు కొత్తవి వేయాల్సిందే.

అసలు జాగ్రత్త ఇక్కడ కావాలి. ఏ సిలిండర్ శుభ్రం చేస్తున్నావో దాని ఇన్‌టేక్ వాల్వులు రెండూ మూసుకుని ఉండాలి. ప్లగ్గులు తీసి, ఆ రంధ్రాలు గుడ్డతో మూసి, క్రాంక్ (పిస్టన్లు తిప్పే ఇరుసు) పుల్లీ బోల్టుకు సాకెట్ వేసి ఇంజన్ తిరిగే దిక్కునే చేత్తో తిప్పు. వెనక్కి తిప్పకు, టైమింగ్ చైన్ వదులై పళ్లు దాటొచ్చు. ఫైరింగ్ ఆర్డర్ (సిలిండర్లు మండే వరస) 1-3-4-2 అయితే మొదటి సిలిండర్‌ని కంప్రెషన్ టీడీసీకి (పిస్టన్ గాలిని నొక్కి పైకొసకు చేరిన చోటు) తెచ్చి, అది అయ్యాక అరచుట్టు తిప్పితే మూడోది, మరో అరచుట్టుకు నాలుగోది, ఆ తర్వాత రెండోది సిద్ధమవుతాయి. టార్చి వేసి చూడు. అయినా అనుమానముంటే పోర్టులో (వాల్వుకు గాలి వచ్చే దారి) మసిని కరిగించే సాల్వెంట్ కొంచెం పోసి మట్టం గమనించు. దిగిపోతుంటే వాల్వు తెరిచి ఉంది, లేదా సరిగ్గా కూర్చోవట్లేదు. మిగతా పోర్టులన్నీ గట్టిగా మూసి ఉంచు.

చేత్తో చేసేట్టయితే వాల్వు తల మునిగేలా సాల్వెంట్ పోసి అరగంట ఆగు. తర్వాత నైలాన్ లేదా ఇత్తడి బ్రష్‌తో రుద్దు. స్టీల్ బ్రష్ వద్దు, దాని తీగ ఒక్కటి విరిగి లోపల పడినా సిలిండర్ గోడ గీసుకుపోతుంది. నల్లటి ద్రవాన్ని సిరంజికి గొట్టం తగిలించి తోడెయ్యి. ఇంట్లో వాక్యూమ్ క్లీనర్‌తో లాగావంటే మోటార్ నిప్పురవ్వకు సాల్వెంట్ ఆవిరి అంటుకుంటుంది. ఇలా మూడు నాలుగు విడతలు చేయక తప్పదు.

అక్రోటు పెంకుల పొడితో బ్లాస్టింగ్ చేస్తే పని త్వరగా తెములుతుంది, నా ఓటు దీనికే. పొడి మసిని కొడుతుంది గానీ లోహాన్ని గీయదు. 80 నుంచి 100 పీఎస్ఐ ఒత్తిడిలో గాలి, లైనులో తేమ పట్టే ఫిల్టర్, పోర్టుకు సరిపడే అడాప్టర్, దానికి వాక్యూమ్ ఉండాలి. పోర్టు పొడిగా ఉండాలి, తడిలో ఆ పొడి ముద్దకట్టి వాల్వు చుట్టూ ఇరుక్కుంటుంది. కొన్ని సెకన్లు కొట్టి, ఆపి, చూసి, మళ్లీ కొట్టు. పొడి పూర్తిగా లాగేశాకే క్రాంక్ తిప్పు. కళ్లద్దాలు, మాస్కు తప్పనిసరి.

సాల్వెంట్ వాడి ఉంటే ప్లగ్గులు బిగించకముందే, ఫ్యూయల్, ఇగ్నిషన్ ఆపి, రంధ్రాల మీది గుడ్డలు తీసి ఇంజన్ కొన్ని చుట్లు తిప్పించు. సిలిండర్లో నిలిచిన ద్రవం అణగదు, కనెక్టింగ్ రాడ్డే వంగుతుంది. గాస్కెట్లు కొత్తవే వాడు. బోల్టులు మధ్య నుంచి అంచులకు, రెండు విడతలుగా, టార్క్ రెంచితో (ఎంత బలంగా బిగిస్తున్నామో చూపే పానా) మాన్యువల్ చెప్పిన అంకెకు బిగించు. ప్లాస్టిక్ మానిఫోల్డ్‌కి చేతి అంచనా పనికిరాదు.

మొదటిసారి స్టార్ట్ చేసినప్పుడు కాసేపు పొగ, ఐడ్లింగ్‌లో తడబాటు ఉంటే కంగారుపడకు. సర్దుకున్నాక, ఇంజన్ నడుస్తుండగా ఆయిల్ మూత తీసి చూడు. బలంగా లోపలికి పీల్చినా, ఈలలా మోగినా పీసీవీలోని రబ్బరు పొర (డయాఫ్రం) చిరిగి ఉండొచ్చు. దాన్ని అలాగే వదిలేస్తే వాల్వులు మళ్లీ తొందరగానే నల్లబడతాయి. ఈ పరీక్ష పని మొదలుపెట్టకముందే చేసేస్తే గాస్కెట్లతో పాటే ఆ భాగమూ తెప్పించుకోవచ్చు.

నీ పెదనాన్న